ప్రాణం మీదికొస్తే లాటరీ వేసి వైద్యమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు మాట తడబడింది, చేతులు చల్లబడ్డాయి. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసి బీపీ పడిపోయింది, దీన్నే సెప్టిక్ షాక్ అంటారు అన్నారు. మేం ఆ టెన్షన్‌లో ఉండగానే ఒక డాక్టర్ వచ్చి, రెండు వైద్య పద్ధతుల్ని పోల్చే స్టడీ నడుస్తోంది, మీ అమ్మగారిని చేర్చమంటారా, ఏ పద్ధతి వస్తుందో కంప్యూటర్ తేలుస్తుంది అన్నారు. నేను వద్దన్నాను. అమ్మ కోలుకుంది. కానీ అలాంటి స్థితిలో ఉన్న మనిషి మీద ప్రయోగాలేంటండీ? ఏది మంచిదో డాక్టర్లకి తెలియదా?

జవాబు: అమ్మగారు కోలుకున్నారు, సంతోషం. వద్దనడం మీ హక్కు, దాని గురించి మనసులో ఏమీ పెట్టుకోకండి. ఇక మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, కొంత తెలుసు, కొంత తెలియదు. షాక్‌లో ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, సెలైన్ ఎక్కించాలి, అయినా బీపీ నిలవకపోతే దాన్ని పెంచే నార్‌అడ్రినలిన్ అనే మందు పెట్టాలి, ఎక్కడైనా చీము ఉంటే తీసెయ్యాలి. ఇలాంటి స్టడీల్లో సాధారణంగా ఏ గ్రూపులో పడినా ఇవి అందుతాయి. తేల్చాల్సిందల్లా ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, దేన్ని చూసుకుంటూ ఇవ్వాలి అన్నదే.

2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒకే ఆసుపత్రిలో 263 మందితో ఒక స్టడీ జరిగింది. మొదటి ఆరు గంటలు మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం వేసి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూ, అవసరమైతే రక్తం కూడా ఎక్కించే పద్ధతి అది. ఆసుపత్రిలో మరణాలు 46.5 శాతం నుంచి 30.5కి దిగాయి. ఇంకేం, అందరం దాని వెంట పడ్డాం. తర్వాత అమెరికాలో, ఆస్ట్రేలియా–న్యూజిలాండ్ వైపు, ఇంగ్లండ్‌లో మూడు పెద్ద స్టడీలు చేశారు, మొత్తం నాలుగు వేలమందికి పైగా పేషెంట్లు. 2014, 2015లో ఫలితాలొచ్చాయి: మామూలు వైద్యానికీ దానికీ తేడా లేదు! ఆస్ట్రేలియా వాళ్ల లెక్కలో 90 రోజులకి మరణాలు ఆ పద్ధతిలో 18.6, మామూలు వైద్యంలో 18.8 శాతం. అలాగని మొదటి స్టడీ మోసమని కాదు, ఈలోగా మామూలు వైద్యమే మెరుగుపడిందని ఎక్కువమంది అభిప్రాయం, నాదీ అదే.

తేడా లేకపోతే పోనీ అనుకోవచ్చు, కీడు జరిగితే? ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన 3,141 మంది పిల్లల మీద జరిగిన స్టడీలో, గబగబా ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది పోయారు, అలా ఎక్కించని వాళ్లలో 7.3 శాతం. పర్యవేక్షణ కమిటీ దాన్ని మధ్యలోనే ఆపించింది. పోల్చి చూడకపోయి ఉంటే, మంచే చేస్తున్నామనుకుంటూ ఎక్కిస్తూనే ఉండేవాళ్లం. నన్నడిగితే భయపడాల్సింది దానికి.

లాటరీ ఎందుకంటే, ఎంపిక మా చేతికిస్తే కాస్త గట్టిగా ఉన్నవాళ్లని తెలియకుండానే కొత్త పద్ధతి వైపు నెట్టేస్తాం, అప్పుడు గెలిచింది వైద్యమో మనిషో తేలదు.

అన్నీ ఖరీదైన ప్రయోగాలే అనుకోకండి. 2019లో వచ్చిన ఒక లాటిన్ అమెరికా స్టడీలో పరికరమల్లా ఒక గాజు పలక. దాంతో చూపుడువేలి కొస తెల్లబడేదాకా పది సెకన్లు నొక్కి వదలడం, రంగు మూడు సెకన్లలో తిరిగి రాకపోతే రక్తం ఇంకా సరిగ్గా అందడం లేదని అర్థం. అరగంటకోసారి ఇలా చూస్తూ వైద్యం చేసినవాళ్లలో మరణాలు 34.9 శాతం, షాక్‌లో రక్తంలో పెరిగే లాక్టేట్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్షని నమ్ముకున్నవాళ్లలో 43.4. అయితే 424 మందే కాబట్టి, ఆ ఒక్క స్టడీతో తేల్చెయ్యడానికి ఆ తేడా చాల్లేదు.

మళ్లీ ఎవరైనా ఇలా అడిగితే, చేరకపోతే ఏం చేస్తారు, చేరితే అదనంగా ఏం చేస్తారు, మధ్యలో మానుకోవచ్చా అని అడగండి. మంచం పక్కన నిలబెట్టి కాగితాల కట్ట చేతిలో పెట్టి సంతకం అడగడం మాత్రం నాకూ నచ్చదు.

ప్రశ్న: అంత తొందరైతే యాంటీబయాటిక్ అంబులెన్స్‌లోనే ఇచ్చెయ్యొచ్చు కదా?

జవాబు: నెదర్లాండ్స్‌లో చేసి చూశారు, సుమారు 2,700 మందితో. 28 రోజులకి అంబులెన్స్‌లో ఇచ్చినవాళ్లలోనూ, ఇవ్వనివాళ్లలోనూ మరణాలు 8 శాతమే. కాకపోతే వాళ్లలో షాక్‌లో ఉన్నవాళ్లు బాగా తక్కువ, కాబట్టి అమ్మగారిలాంటి కేసులకి అది జవాబు కాదు. తమాషా ఏంటంటే, స్టడీ కోసం సిబ్బందికి సెప్సిస్‌ని, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాల్ని దెబ్బతీసే స్థితిని, గుర్తుపట్టడం నేర్పారు కదా, దాంతో అంబులెన్స్‌లో మందు ఇవ్వని వాళ్లకి కూడా ఎమర్జెన్సీకి వచ్చాక మొదటి డోసు పడే సమయం 93 నిమిషాల నుంచి 70కి తగ్గింది.