రెసిడెన్సీకి మహానగరమా, కమ్యూనిటీ హాస్పిటలా, పల్లె ప్రాంతమా?

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (హాస్పిటల్లో పనిచేస్తూ నేర్చుకునే మూడేళ్ల శిక్షణకి) మూడు చోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి, మహానగరంలో యూనివర్సిటీ హాస్పిటల్, చిన్న ఊళ్లో కమ్యూనిటీ హాస్పిటల్, పల్లె ప్రాంతంలో ఇంకొకటి, ర్యాంక్ లిస్టులో (మనకు ఏ ప్రోగ్రామ్ ఎక్కువ ఇష్టమో వరుసగా రాసిచ్చే జాబితాలో) ఏది ముందు పెట్టాలి అని అడిగారు. నేను మూడేళ్లూ కమ్యూనిటీ ప్రోగ్రామ్‌లో చేశాను. అందులో రెండు నెలలు పల్లె హాస్పిటల్లో పనిచేశాను.

ఆ రెండు నెలల్లో ఒక రాత్రి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. జనవరి, బయట మంచు. అరవై దాటిన రైతు గుండె నొప్పితో వచ్చాడు. ఈసీజీలో ఎస్టీ అనే భాగం బాగా పైకి లేచి ఉంది, అంటే పెద్ద గుండెపోటు. గుండె రక్తనాళంలో అడ్డు తీసే క్యాత్ ల్యాబ్ ఉన్న హాస్పిటల్‌కి రోడ్డు మీద రెండు గంటల పైనే, ఆ మంచులో హెలికాప్టర్ రాదన్నారు. నేనూ, ఎమర్జెన్సీ డాక్టరూ, ఒక నర్సూ, అంతే. ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా, ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా జరిగిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని ఒక్కొక్కటే అడిగి, రక్తం గడ్డను కరిగించే టెనెక్టిప్లేజ్ ఇచ్చాం. గంటన్నరకి ఎస్టీ దిగింది, నొప్పి తగ్గింది. తెల్లవారాక అంబులెన్స్‌లో పంపాం.

మహానగరంలో అయితే ఆయన్ని నేరుగా క్యాత్ ల్యాబ్‌కి తీసుకెళ్లేవారు, పేషెంట్‌కి అదే మేలు. కానీ అక్కడ నిర్ణయం కార్డియాలజీ ఫెలో (రెసిడెన్సీ అయ్యాక ఫెలోషిప్‌లో గుండె వైద్యం నేర్చుకుంటున్న డాక్టర్) తీసుకుంటాడు, రెసిడెంట్ చూసి నేర్చుకుంటాడు. నాకు ఆ రాత్రి వచ్చిన ధైర్యం ఏ లెక్చర్ వల్లా రాలేదు.

అలాగని అందరికీ పల్లెనే చెప్పను. ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లను, అరుదైన జబ్బులను నేను చాలా తక్కువ చూశాను. రీసెర్చ్‌కి చేయి పట్టుకుని నడిపించేవాళ్లు మా దగ్గర దొరకలేదు, ఆ లోటు ఫెలోషిప్ అప్లికేషన్ టైమ్‌లో బాగా తెలిసింది. మీకు కార్డియాలజీయో, గ్యాస్ట్రోయో కచ్చితంగా కావాలంటే యూనివర్సిటీనే ముందు పెట్టండి. ఏ ప్రోగ్రామ్‌ని అయినా గత మూడేళ్లలో వాళ్ల రెసిడెంట్లకు ఏ ఫెలోషిప్‌లు వచ్చాయో అడగండి. వీసా మీద వచ్చినవాళ్లకు ఎన్ని వచ్చాయో విడిగా అడగండి.

వీసా సంగతి కూడా చూసుకోండి. జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద చేస్తే తర్వాత రెండేళ్లు ఇండియాకి వెళ్లాలి, లేదా వేవర్, అంటే ఆ షరతు నుంచి మినహాయింపు, తెచ్చుకోవాలి. కాన్రాడ్ 30 వేవర్ అయితే డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. అలాంటి చోట్లు చాలావరకు చిన్న ఊళ్లే. అంటే మీరు ఇప్పుడు వద్దనుకున్న పల్లె రేపు ఎలాగూ ఎదురు కావచ్చు. అక్కడ ఒంటరిగా నిలబడగలమా అన్నది రెసిడెన్సీలోనే తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది.

ర్యాంక్ లిస్టులో మాత్రం "వాళ్లు నన్ను తీసుకోరేమో" అని భయపడి ఏ ప్రోగ్రామ్‌నీ కిందకి నెట్టకండి. మ్యాచ్ (అభ్యర్థుల, ప్రోగ్రామ్‌ల లిస్టులను కలిపి సీట్లు ఇచ్చే కంప్యూటర్ పద్ధతి) మీ ఇష్టాన్ని పై నుంచి వరుసగా చూస్తూ వస్తుంది, పైన పెట్టినది రాకపోయినా కిందవాటికి నష్టం ఉండదు.

లిస్టు పెట్టేలోపు ప్రతి చోటా ఇద్దరు రెసిడెంట్లకు ఫోన్ చేసి, రాత్రి రెండింటికి ఐసీయూలో పేషెంట్ బీపీ పడిపోతే ముందు ఎవరు వెళ్తారు, అటెండింగ్ (బాధ్యత వహించే సీనియర్ డాక్టర్) ఎంతసేపట్లో వస్తారు అని అడగండి.