సగం మ్యాచ్ సంగతి తర్వాత, ముందు ఆ జ్వరం మాట చెప్పండి

ప్రశ్న: మా అన్నకు 34 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్ (ఏఎంఎల్). రెండో కీమో అయి పన్నెండు రోజులైంది. మద్రాసులో ఎముక మజ్జ ట్రాన్స్‌ప్లాంట్ (దాత మూలకణాలు ఎక్కించడం) చేస్తామన్నారు. నాది సగమే మ్యాచ్ అయింది, బ్లడ్ గ్రూపు కూడా వేరు. చేయించొచ్చా, పూర్తి మ్యాచ్ దొరికేదాకా ఆగాలా? మొన్న 101 జ్వరం వస్తే మా ఆర్‌ఎంపీ గారు సూది వేశారు, తగ్గింది. – ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన జ్వరం దగ్గరే నేను ఆగిపోయాను. కీమో అయిన రెండో వారంలో తెల్లకణాలు అడుగంటి ఉంటాయి. అప్పుడు 100.4 దాటిందంటే ఎమర్జెన్సీ. ఆస్పత్రిలో అడుగుపెట్టిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కాలి. ఆ సూదిలో ఏముందో మీరు రాయలేదు, అడిగి ఉండరు కూడా. స్టెరాయిడ్ అయితే జ్వరం దిగుతుంది, ఇన్‌ఫెక్షన్ దిగదు. నొప్పుల సూది అయితే రక్తస్రావం భయం. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి అసలు కండకు సూదే వేయకూడదు. ఇలాగే మూడు రోజులు బిళ్లలతో నెట్టుకొచ్చిన ఒక కుర్రాణ్ణి మా దగ్గరికి తెచ్చేసరికి చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, బీపీ అందలేదు. ఈరోజే రక్తపరీక్ష, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించి మద్రాసు డాక్టర్లకు ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. సగం మ్యాచ్ అంటే సగమే పనిచేస్తుందని కాదు. మ్యాచ్ చూసేది హెచ్‌ఎల్‌ఏని, అంటే మన కణాల మీదుండే గుర్తుల్ని. అది సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అందుకే తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. దాత కణాలు ఎక్కించాక మూడు, నాలుగు రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే పద్ధతి వచ్చాక ఈ ట్రాన్స్‌ప్లాంట్లు బాగా పెరిగాయి. రోగి ఒంటిమీద తిరగబడే దాత కణాలను ఆ మందు చాలావరకు అణిచేస్తుంది. అయినా జీవీహెచ్‌డీ (దాత కణాలు అలా తిరగబడడం వల్ల వచ్చే జబ్బు), ఇన్‌ఫెక్షన్లు, కణాలు నాటుకోకపోవడం లాంటి ప్రమాదాలు ఉండనే ఉంటాయి. మీ కణాలకు వ్యతిరేకంగా అన్న రక్తంలో యాంటీబాడీలున్నాయేమో చూశారా అని తప్పక అడగండి. బ్లడ్ గ్రూపు అడ్డం కాదు, కొన్ని నెలలకు ఆయన గ్రూపే మారి మీ గ్రూపు అయిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: దాతగా అనుకుంటున్న మీరు ఇప్పుడు ఆయనకు రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వకండి.

ఆగడమా, చేయించడమా అన్నది రిపోర్టులు చూడకుండా నేను చెప్పలేను. జబ్బు అదుపులో ఉండగానే చేయడం మేలు, వెతుకుతూ కూర్చుంటే అది మళ్లీ తిరగబెట్టొచ్చు.

ఇంట్లో థర్మామీటర్ ఉంచండి. కావలి నుంచి నెల్లూరు గంట దారే. రాత్రి మళ్లీ ఒళ్లు కాలితే నాకు మెయిల్ పెట్టొద్దు, కారు మాట్లాడుకోండి.