పార్కిన్సన్స్ ఉన్న నాయనను ఇంట్లో చూసుకోవాలంటే ముందు మాత్ర టైము పట్టుకోండి

మీ నాయనకు పార్కిన్సన్స్ అని తేలిందనీ, పొద్దున మంచం దిగలేని మనిషి పదకొండు గంటలకు బాగానే నడుస్తారనీ, అమ్మ "కావాలనే చేస్తాడు" అంటోందనీ, మనిషిని పెట్టుకోవాలా అనీ చిత్తూరు నుంచి అడిగారు. మాది తిరుపతి. మా మామకూ ఇదే జబ్బు. కోడలిగా ఎక్కువగా చూసుకునేది నేనే.

ముందు అమ్మకు ఒక మాట చెప్పండి, ఆయన కావాలని చేయడం లేదు. ఈ జబ్బులో, కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోతుంది. ఆ లోటును లెవోడోపా మాత్ర కొన్ని గంటలపాటు పూడుస్తుంది. అది పనిచేస్తున్నప్పుడు ఒక మనిషి, దాని బలం దిగిపోయాక ఇంకో మనిషి. రాత్రంతా మాత్ర లేక తెల్లారేసరికి ఒళ్లు కట్టెలా బిగుసుకుపోతుంది. మా మామకు తెల్లవారుజామున మంచం మీదే మాత్ర, నీళ్లు ఇస్తాం. తలకింద ఎత్తు పెట్టి కూర్చోబెట్టాకే మింగిస్తాం. అది పట్టేదాకా లేవమని తొందర పెట్టం. స్నానం, షేవింగ్, బ్యాంకు పని, అన్నీ మాత్ర పట్టిన ఆ గంటల్లోనే.

తిండి సంగతి చాలామంది చెప్పరు. మాంసకృత్తులు ఎక్కువున్న తిండితో కలిపి వేస్తే ఈ మందు సరిగా ఒంటబట్టదు. మన సంగటి, ఊరుబిండి, పప్పు, గుడ్డు మానాల్సిన పని లేదు. మాత్ర తిండికి అరగంట ముందైనా పడాలి, లేదా తిన్న గంట తర్వాత. వికారం పెడితే డాక్టర్‌ని అడిగి రెండు బిస్కెట్లతో ఇవ్వండి. ఐరన్ మాత్రలుంటే వాటికీ దీనికీ మధ్య ఎడం ఎంత ఉండాలో అడగండి. మలబద్ధకం ఈ జబ్బుతోపాటే వస్తుంది, నీళ్లు, ఆకుకూరలు తగ్గనివ్వకండి.

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు, చూశారా? అప్పుడు చెయ్యి పట్టి లాగకండి, ముందుకు పడిపోతారు. ఆగి నిలబడనిచ్చి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చమని చెప్పి, పెద్ద అడుగు వేయమనండి. మేం బాత్రూమ్ దారిలో నేలమీద అడ్డంగా అడుగు దూరానికో రంగు టేపు అంటించాం. ఆ గీతలు దాటమంటే దాటేస్తారు, ఉత్తినే నడవమంటే కదలరు! ఇంకో చిట్కా మామే కనిపెట్టారు. కొండ మెట్లెక్కినట్టు "గోవిందా... గోవింద" అనుకుంటూ లయకు అడుగులేస్తారు. ఫిజియోథెరపీలో చప్పట్లతోనో, టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్‌తోనో చేయించేదీ ఇదే.

లేవగానే తల తిరుగుతుందంటే పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూసి రాసుకెళ్లండి. నిద్రలో అరవడం, తన్నడం ఉంటే, లేని మనుషులు కనిపిస్తున్నారంటే అదీ చెప్పండి, సిగ్గుపడే విషయాలు కావు.

దూలగొండి పొడి వాడమని బంధువులు తప్పకుండా చెబుతారు. ఆ గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది, భయమూ అదే. మాత్ర మీద అదీ కలిస్తే ఎంత పడుతుందో లెక్క ఉండదు. డాక్టర్‌కి చెప్పకుండా వద్దు. అలాగే మాత్ర ఉన్నట్టుండి ఆపేయకండి, విపరీతమైన జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

జ్వరానికో, ఎముక విరిగో ఆసుపత్రిలో చేర్చాల్సివస్తే మాత్ర టైములు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మంచానికి కట్టండి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వద్దని ముందే చెప్పండి, అది డోపమైన్‌ను అడ్డుకుంటుంది. మా మామకు ఒక చోట ఆ ఇంజెక్షన్ పడ్డాక బిగుతు ఎంత పెరిగిందో చూశాక, ఆ కాగితం లేకుండా మేం గడప దాటం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దారి ఉంటుంది. సచివాలయంలో అడగండి.

ఇక మనిషి సంగతి. నన్నడిగితే పెట్టుకోండి, రోజంతా అక్కర్లేదు. పొద్దున లేపి, స్నానం చేయించి, కాసేపు నడిపించే మగమనిషి దొరికితే అమ్మ నడుము నిలుస్తుంది. వచ్చిన మొదటిరోజే ఆ టేపు గీతల మీద మీ నాయనను ఎలా నడిపించాలో చూపించండి. లాగి నడిపించేవాడైతే మాత్రం వద్దు.