లాభం కనిపిస్తోంది, చేతిలో డబ్బు మాత్రం ఉండటం లేదు. ఎందుకు?

అడిగినవారు కొత్తగా కిరాణా కొట్టు పెట్టారట. లెక్క చూస్తే లాభమే, నెలాఖరుకి అద్దె కట్టాలంటే మాత్రం తడుముకోవాల్సి వస్తోందట. చదవగానే మా నాన్న గుర్తొచ్చారు.

తెనాలి దగ్గర మాకు సిమెంటు, ఇనుము కొట్టు ఉండేది. అప్పట్లో నేను బీకాం చదువుతున్నాను. 2019 వేసవిలో ఆడిటర్ గారు లెక్కలు తేల్చి, "ఈ ఏడు 4 లక్షల 20 వేలు మిగిలిందండీ" అన్నారు. నాన్న మారుమాట్లాడకుండా గల్లాపెట్టె సొరుగు మొత్తం ఊడలాగి ఆయన ముందు పెట్టారు. అందులో ఆరు వేల చిల్లర, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట, విరిగిన తాళంచెవి ఒకటి. "ఆ 4 లక్షలు ఎక్కడున్నాయో మీరే వెతికి పెట్టండి" అన్నారు.

ఆడిటర్ గారు పెన్సిల్‌తో ఒక వరుస చూపించారు. రావలసిన బాకీలు. అందులో సగానికి పైగా ఒకే కాంట్రాక్టరువి. "గవర్నమెంటు పని బాబాయ్, బిల్లు పడగానే ఇచ్చేస్తా" అని 14 నెలలుగా తిప్పుతున్నాడు.

మనం బిల్లు రాసిన రోజే అమ్మకం, అందులోని లాభం పుస్తకంలోకి ఎక్కేస్తాయి. డబ్బు వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. జీఎస్టీదీ ఇదే తంతు. అప్పట్లో సిమెంటు మీద 28 శాతం. సరుకు కొన్నప్పుడు కంపెనీకి కట్టిన పన్ను ముందే పోయింది, మా అమ్మకం బిల్లు మీద పడే పన్నుకీ దానికీ ఉన్న తేడా మర్నెల 20లోపు మేమే కట్టాం. కొన్నవాడు పైసా ఇవ్వలేదు! 2025 సెప్టెంబరులో 18కి తగ్గించారు కానీ పద్ధతి అదే. బాకీ మునిగితే ఆదాయపు పన్ను లెక్కలో రాని బాకీ కింద కొట్టేసుకోవచ్చు, కట్టిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు.

ఇంటర్‌లో సీఈసీ (కామర్స్ గ్రూపు) తీసుకున్నానని చుట్టాలంతా జాలిపడ్డారు గానీ, అసలు జాలిపడాల్సింది ఆ పాఠాల మీద. వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్ అని ఎక్కాల్లా వల్లె వేయించారు. బాకీ ఎలా అడగాలో ఒక్క పూట చెప్పలేదు.

ఓ ఉదయం నాన్నా నేనూ ఆ కాంట్రాక్టరు ఇంటికి వెళ్లాం. మేడ మీద కొత్తగా పిల్లర్లు లేస్తున్నాయి. మా దగ్గర తీసుకున్న సిమెంటు గోతాలే చించి మల్లెపందిరికి నీడగా కట్టారు. వాళ్లావిడ కాఫీ ఇచ్చింది. నాన్న తాగేసి, వర్షాల గురించి మాట్లాడి లేచారు. బయటికొచ్చాక, "ఆడవాళ్ల ముందు ఏం అడుగుతాంరా" అన్నారు. ఊళ్లల్లో కొట్లు మూతపడేది నష్టాల వల్ల కాదు, ఈ మొహమాటం వల్లే. ఎవరేమన్నా నా మాట ఇదే.

మీ విషయానికొస్తే, అరువు ఖాతాతో పాటు ఇంకో రెండు చూడండి. ఒకటి, పండక్కి తెచ్చి అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు. రెండు, మీరే ఇంట్లోకి తీసుకెళ్లే నూనె ప్యాకెట్లు, ఇంటి ఖర్చులకు తీసే డబ్బు. ఈ రెండోవాటిని సొంతవాడకాలు అంటారు. ఇవి లాభాన్ని తగ్గించవు, గల్లాని మాత్రం ఖాళీ చేస్తాయి.

ఆ కాంట్రాక్టరు 2021లో సగం ఇచ్చాడు. మిగతా సగానికి కాంక్రీటు కలిపే పాత మిల్లర్ ఒకటి తెచ్చి పడేశాడు. ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది, కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి.