‘ఫెయిర్ యూజ్’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వీడియో గేములు ఆడుతూ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. వీడియో కింద ‘ఫెయిర్ యూజ్’ అని రాస్తే ఏమీ కాదంటాడు. మొన్న యూట్యూబ్ నుంచి కాపీరైట్ స్ట్రైక్ (హక్కుదారు ఫిర్యాదుపై ఇచ్చే హెచ్చరిక) వచ్చింది. వాడిని ఈ దారిలో వెళ్లనివ్వవచ్చా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి నమ్ముతున్న ఆ మాటకు అతను అనుకుంటున్నంత బలం లేదండీ. డబ్బు పెట్టి కొన్నా మనకు వచ్చేది గేము ఆడుకునే అనుమతే గాని, అందులోని దృశ్యాల మీద, కథ మీద, సంగీతం మీద హక్కు కాదు. ‘ఫెయిర్ యూజ్’ అమెరికా కాపీరైట్ చట్టం 107వ సెక్షన్‌లోని మాట; ఇతరుల కృతిని కొన్ని సందర్భాల్లో అనుమతి లేకుండా వాడుకోనిచ్చే మినహాయింపు. అక్కడ కూడా అది ముందే చేతికి వచ్చే అనుమతి కాదు. వివాదం వచ్చాక, ఎందుకు వాడారు, ఎంత వాడారు, అసలు కృతి అమ్మకానికి ఎంత దెబ్బ తగిలింది వంటి అంశాలన్నీ తూచి న్యాయస్థానం తేల్చే సంగతి. మన 1957 నాటి చట్టం 52వ సెక్షన్‌లో ఉన్న ‘ఫెయిర్ డీలింగ్’ మరింత ఇరుకైనది. సొంత వినియోగం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన వ్యవహారాలను తెలియజేయడం అనే ప్రయోజనాలకే అది వర్తిస్తుంది.

నిజానికి గేమ్ ఛానళ్లలో ఎక్కువ భాగం నడుస్తున్నది గేము కంపెనీలు ఇచ్చే అనుమతుల మీదనే. జపాన్ గేము కంపెనీ నింటెండో 2018 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, సొంత వ్యాఖ్యానమో సృజనో జోడించిన వీడియోల మీద వ్యక్తులు ప్రకటనల ఆదాయం పొందవచ్చు. ఏమీ జోడించకుండా ఉన్నదున్నట్టు ఎక్కించడానికి మాత్రం అనుమతి లేదు. 2023లో జపాన్‌లోని సెండాయ్ జిల్లా న్యాయస్థానం, కథాప్రధానమైన ఒక గేమును ముగింపుతో సహా చూపిన వీడియోలనూ, కుదించిన అనిమే (జపాన్ యానిమేషన్) వీడియోలనూ ఎక్కించి ఆదాయం పొందిన వ్యక్తికి రెండేళ్ల జైలుశిక్ష విధించి, దాని అమలును ఐదేళ్లు నిలిపివేసి, పది లక్షల యెన్ల జరిమానా వేసింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. స్ట్రైక్ అంటే జైలు కాదు. కథ మొత్తం చూపించేస్తే కొనేవారు తగ్గుతారన్న ఆందోళన కంపెనీలకు ఎందుకు ఉంటుందో అబ్బాయికి అర్థం కావాలనే చెబుతున్నాను.

పాటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గేములో వినిపించే పాటను కంపెనీ మరొక సంగీత సంస్థ నుంచి లైసెన్సు మీద తెచ్చుకుని ఉండవచ్చు, అప్పుడు గేము కంపెనీ ఇచ్చిన అనుమతి ఆ పాటకు వర్తించదు.

ఇక భవిష్యత్తు గురించి. తెలుగులో స్పష్టంగా, ఆసక్తిగా విశ్లేషించగల గొంతు ఉంటే దానికి ఈ-స్పోర్ట్స్ (వీడియో గేముల పోటీలు) వ్యాఖ్యానంలో, వీడియో ఎడిటింగ్‌లో, గేము సమీక్షల్లో పని ఉంది, కాని ఛానల్ ఆదాయం ఒక్కదాన్నే నమ్ముకుని డిగ్రీ మానేయడాన్ని నేను ఒప్పుకోను. ఈ హక్కుల గొడవే అతనికి ఆసక్తిగా అనిపిస్తే, క్లాట్ (న్యాయవిద్య ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోనో విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలోనో చేరి మేధోసంపత్తి చట్టం వైపు వెళ్లవచ్చు.

ప్రస్తుతానికి వీడియోను తొలగించవద్దు, తొలగించినా స్ట్రైక్ పోదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు కనుక, కొత్త వీడియోలు ఆపి, ఎవరు, ఏ భాగం మీద అభ్యంతరం చెప్పారో నోటీసులో మీరిద్దరూ కలిసి చదవండి. అభ్యంతరం తప్పని గట్టిగా తేలితేనే యూట్యూబ్‌కు ప్రతివాద నోటీసు (కౌంటర్ నోటిఫికేషన్) పంపండి; అందులో ఇచ్చే పేరు, చిరునామా అవతలి వారికి చేరతాయి, వారు కోర్టుకు కూడా వెళ్లవచ్చు.