వ్యూహాల ఆట మీద సమీక్ష రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

ఒక రాజ్యాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు నడిపే కంప్యూటర్ ఆట యూరోపా యూనివర్సాలిస్ 4 మీద నువ్వు రాసి పంపిన సమీక్ష చదివాను. భాష శుభ్రంగా ఉంది, ఎక్కడా విసుగు పుట్టలేదు. కానీ పైన ప్లస్ పాయింట్లు, కింద మైనస్ పాయింట్లు అని రెండు కుప్పలు పోసి వదిలేశావు. మ్యాపు బాగుంది, సంగీతం బాగుంది, నేర్చుకోవడం కష్టం, అదనపు ప్యాకుల ఖరీదు ఎక్కువ. అన్నీ నిజాలే. అయితే ఈ మాటలే ఇంకో పది ఆటల మీద కూడా రాసెయ్యొచ్చు. చరిత్రను ఆటగా మలిచినవాళ్ళు మనకు ఏదో చెబుతున్నారు. రాజ్యం ఎందుకు పెరుగుతుంది, ఎందుకు కూలుతుంది, డబ్బు ఎటు పోతుంది, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి అన్న ప్రశ్నలకు వాళ్ళ జవాబులు ఆట నియమాల్లోనే ఉంటాయి. నువ్వు చదవాల్సింది ఆ నియమాలను. ఏ నియమం చరిత్రకు దగ్గరగా నిలబడింది, ఏది దూరం పోయింది అన్నది చెప్పగలిగితే ఆట మంచిచెడ్డలు రెండూ ఆ మాటల్లోనే వచ్చేస్తాయి.

మంచితో మొదలుపెట్టు. ఆట 1444 నవంబరు 11న మొదలవుతుందని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోయావు. అక్కడ ఆగాలి. సరిగ్గా ముందురోజే వర్నా యుద్ధంలో ఒట్టోమన్ తుర్కుల చేతిలో క్రైస్తవ సేనలు ఓడిపోయాయి, పోలండ్ రాజు మూడో వ్లాదిస్లావ్ చనిపోయాడు. అందుకే పోలండ్ ఎంచుకున్నవాళ్ళకు సింహాసనం మీద రాజు కనిపించడు. లిథువేనియాతో ఒకే రాజు కిందికి రావాలా వద్దా అన్నది త్వరలోనే తేల్చుకోవాలి. ఇంగ్లండ్ తీసుకుంటే తన చేతిలో ఉన్న ‘మెయిన్’ అనే ప్రాంతాన్ని ఫ్రాన్స్‌కు అప్పగించాలా, యుద్ధానికి దిగాలా అన్న టెన్షన్. బైజాంటియం తీసుకుంటే చుట్టూ ఒట్టోమన్లే, దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్ పతనానికి తొమ్మిదేళ్ళు కూడా లేవు. మన వైపు చూస్తే విజయనగరంలో రెండో దేవరాయలు, ఉత్తరాన బహమనీలు, తూర్పున కపిలేంద్ర గజపతి. తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ఆ తెలియనితనంలోకి ఆటగాణ్ణి దింపడానికి ఈ తేదీని ఎంచుకున్నారు. నా దృష్టిలో ఈ ఆట తయారీలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే.

నువ్వు విజయనగరంగా ఆడిన కథలో ఒక మంచి ఘట్టం ఉంది. నువ్వు దాన్ని ఫిర్యాదుగా రాశావు: ‘నాలుగు ప్రాంతాలు గెలిచేసరికి చుట్టుపక్కల వాళ్ళంతా ఏకమై మీద పడ్డారు, ఇది అన్యాయం’ అని. అమ్మా, ఆటలోని గొప్పతనం నీకు ఎదురుపడింది అక్కడే. పక్కవాడి భూమి తీసుకున్న ప్రతిసారీ ఇరుగుపొరుగు రాజ్యాల దగ్గర నీ మీద భయం, కోపం పోగవుతాయి. తొందరపడి ఎక్కువ మింగితే నిన్నటిదాకా ఒకరితో ఒకరు కొట్టుకున్నవాళ్ళే నీ మీదికి కూటమి కడతారు. 1565లో జరిగింది ఇదే కదా. అళియ రామరాయలు ఏళ్ళ తరబడి ఒక సుల్తాను మీదికి ఇంకో సుల్తానును ఎగదోస్తూ నెగ్గుకొచ్చాడు. చివరికి బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు ఒక్కటై తళ్ళికోట యుద్ధంలో ఆయన్ని పడగొట్టాయి. పాఠ్యపుస్తకంలో మనం దాన్ని ఒక తేదీగా బట్టీ పట్టాం. ఆటలో ఆ భయం మన కడుపులో పుడుతుంది. ఇంకో కోట తీసుకుందామా, ఆగుదామా అని సంధి పత్రం ముందు పెట్టుకుని నువ్వు తటపటాయించిన ఆ క్షణాన్ని రాయి. ఏ కోట అడిగావు, ఎవరి మొహం మాడింది, ఎవరు ఎవరితో చేతులు కలిపారు, అన్నీ రాయి. ఆట ఆడనివాళ్ళకు కూడా అర్థమవుతుంది.

ఇక లోపం. దాన్ని కూడా ఇదే తళ్ళికోట దగ్గర పట్టుకోవచ్చు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో తలదాచుకున్నాడు. రామరాయల నీడలో ఏళ్ళు గడిపాడు. తెలుగు కవుల్ని ఆదరించాడు, మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అదే మనిషి 1565లో ఎదుటి పక్షాన నిలబడ్డాడు. ఈ స్నేహం, ఈ రుణం, ఈ తెగతెంపులు ఆటలో పట్టవు. అక్కడ రెండు రాజ్యాల మధ్య ఉన్నదల్లా మైనస్ 200 నుంచి ప్లస్ 200 దాకా నడిచే ఒక అంకె. ఒక ప్రాంతానికి ఒకే మతం, ఒకే సంస్కృతి. ఇంకో భాషవాళ్ళను ‘మనవాళ్ళు’గా గుర్తించాలంటే దౌత్య పాయింట్లు ఖర్చు పెట్టాలి. ఓడల విద్యలో ముందడుగు వేయడానికీ ఆ పాయింట్లే కావాలి. తుళువ వంశపు రాజు కన్నడ దేశం నడిబొడ్డున కూర్చుని తెలుగులో కావ్యం రాసిన కాలాన్ని ఈ లెక్కలో ఎక్కడ పెడతాం? ఆటగాళ్ళు ‘మానా’ అని విసుక్కునే పాయింట్ల పద్ధతి ఇదే. పరిపాలన, దౌత్యం, సైన్యం అని మూడు ఖాతాలు, రాజు సమర్థుడైతే నెలనెలా ఎక్కువ జమ. ‘మానా బాగాలేదు’ అని నువ్వు రాసింది సరిపోదు. ఎందుకు బాగాలేదో ఇలా ఒక్క ఉదాహరణతో చూపించు చాలు.

వాణిజ్యం సంగతి నువ్వసలు ఎత్తనే లేదు. నాకు అన్నిటికన్నా పెద్ద లోపం అక్కడే కనిపిస్తుంది. మ్యాపు మీద వాణిజ్య కేంద్రాలుంటాయి, వాటిని కలుపుతూ బాణాలుంటాయి. ఆ బాణాల దిశ మారదు. దారులన్నీ చివరికి వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ ఛానల్ దగ్గర తేలతాయి. మన తూర్పు తీరంలోని కోరమాండల్ కేంద్రం చేతిలో ఉంటే డబ్బును అక్కడ ఆపుకోవచ్చు, పడమటి నుంచి మన వైపు తిప్పుకోవడం మాత్రం కుదరదు. మచిలీపట్నం రేవును తలుచుకో. డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లిషువాళ్ళు వచ్చారు. మన నేతగాళ్ళ బట్ట కోసం వచ్చారు, బదులుగా వెండి, బంగారం తెచ్చి పోశారు. ఆటలో సరుకు విలువ పడమటికి పోతుంది, వెనక్కి రావాల్సిన వెండి కనిపించదు. యూరప్ గెలుపు ఎవరో ఆడి సాధించింది కాకుండా మ్యాపులోనే ముందుగా గీసి ఉంచినట్టయింది. రినైసాన్స్, అంటే యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం, ఇటలీలో పుట్టి మెల్లగా అటూ ఇటూ పాకే పద్ధతి కూడా ఇలాంటిదే. అది అందే దాకా మనం కొత్త విద్యలు నేర్చుకునే ఖర్చు పెరుగుతూ పోతుంది. విజయనగరంగా ఆడేవాళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. ఒకే ప్రాంతం మీద పాయింట్లు కుమ్మరించి రినైసాన్స్‌ను బలవంతంగా రప్పిస్తారు. హంపీలో ఇటలీని పండించాల్సి రావడం ఎంత వింతో చదివేవాళ్ళకు చెప్పు.

ఇంకో విషయం మొహమాటపడకుండా రాయాలి. అమెరికాలు, ఆస్ట్రేలియా, ఆఫ్రికాలో కొంత భాగం ఖాళీ నేలలుగా కనిపిస్తాయి. వలసవాళ్ళను పంపుతాం, అక్కడి స్థానికులు ఒక చిన్న అంకెగా ఉంటారు. వాళ్ళ మీద దాడి చేయడానికి ఒక బటన్ ఉంది. నొక్కితే అంకె సున్నా అవుతుంది, ఆ తర్వాత వలస ప్రశాంతంగా సాగుతుంది. బానిసలు కూడా సుగంధ ద్రవ్యాలు, బట్టల లాగా ఒక సరుకు. చరిత్రలో ఈ ఘోరాలు జరిగాయి కాబట్టి ఆటలో ఉండటం తప్పని నేను అనను. కానీ చేసినవాడికి ఏ బరువూ తగలకుండా చేయించడం తప్పు. సరిహద్దు యుద్ధంలో పక్కవాళ్ళ కోపాన్ని అంత చక్కగా చూపించినవాళ్ళకు ఇక్కడ చేతకాక కాదు, పట్టలేదు. నువ్వు ఆ బటన్ నొక్కే ఉంటావు. నొక్కినప్పుడు ఏమనిపించిందో రాయి, ఏమీ అనిపించకపోతే అదీ రాయి.

ఆట చివరి భాగం బోరు కొడుతుందన్నావు, చాలామంది అనేదే. దానికీ కారణం వెతకాలి. ఈ ఆటలో పెద్దదైన రాజ్యం పెద్దదిగానే ఉండిపోతుంది. బహమనీలు అయిదు ముక్కలైనట్టు, విజయనగరం తళ్ళికోట తర్వాత పెనుకొండకు జరిగి క్రమంగా నాయకుల పాలైనట్టు లోపలి నుంచి విరిగిపోవడం ఆటగాడికి దాదాపు ఎదురుకాదు. సామంతులు, దాయాదులు, జీతం అందని సైన్యం తిరుగుబాటును అణిచే బటన్లకు లొంగిపోతారు. కరువుకు కూడా పెద్దగా చోటు లేదు. 1630-32లో దక్కనునూ గుజరాతునూ ఊడ్చేసిన కరువు లాంటిది ఇందులో రావాలంటే ముందు మ్యాపులో మనుషులుండాలి, ఈ ఆట ప్రాంతాల్లో జనాభా లెక్కే లేదు. 2025లో వచ్చిన అయిదో భాగం 1337లో మొదలై జనాభాను లెక్కలోకి తెచ్చింది. ఆ మార్పు ఎందుకు అవసరమైందో ఒక పేరాలో చెబితే నీ సమీక్షకు బలం.

నీ ముగింపు పేరా తీసెయ్యి. ‘విజయనగర వైభవాన్ని చిన్నచూపు చూశారు’ అన్న కోపం నాకు అర్థమవుతుంది. అయితే మన రాజ్యాన్ని పొగిడిందా లేదా అన్నది కొలబద్ద కాకూడదు. ఇందులో విజయనగరం బలమైన రాజ్యమే. కావాలంటే ఒకసారి బహమనీలుగా ఆడు, ఒకసారి కేరళ తీరంలో చిన్న రాజ్యంగా ఆడు. పెద్ద పొరుగువాడి పక్కన బతకడం ఎలా ఉంటుందో తెలిశాక విజయనగరం మీద నువ్వు రాసే వాక్యాలు వేరే రకంగా వస్తాయి. ఆట ముగిసే 1821 దాకా ఒక్కసారైనా పూర్తి చెయ్యి, సంధి చేసుకున్న ప్రతిసారీ నోట్సు రాసుకో.

ఖరీదు గురించి నువ్వు రాసింది ఉంచు, ఇంకాస్త వివరంగా రాయి. ఆట 2013లో వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ముఖ్యమైన సదుపాయాలు విడివిడిగా అమ్మారు. కాలేజీ పిల్లలు చదివి కొనుక్కునే సమీక్ష ఇది, మూల ఆటతో ఏమేం వస్తాయో, ఏ ప్యాకు లేకపోతే ఏ పని చేయలేమో వాళ్ళకు తెలియాలి. నువ్వు ఆడిన వెర్షన్ నంబరు కూడా వెయ్యి. రినైసాన్స్ పాకే పద్ధతి 2016లో వచ్చింది, అంతకుముందు భారత రాజ్యాలు నేర్చుకునే తీరు వేరే ఉండేది. పాత వెర్షన్ ఆడినవాడు నీ సమీక్ష చదివితే నువ్వు తప్పు రాశావనుకుంటాడు.

తిరగరాశాక ముందు తళ్ళికోట భాగం, కోరమాండల్ భాగం పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య