ఉద్యోగం చేస్తూ గాజు పూసలు చేసి అమ్మాలంటే మొదట ఏం కొనాలి?

"ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు ఖాళీగా ఉంటాను. గాజును కరిగించే గ్యాస్ టార్చ్, గాజు కడ్డీలు, కళ్లద్దాలు కొనుక్కుని ఇంట్లోనే పూసలు చేసి అమ్మితే ఎంతో కొంత మిగులుతుందా?" అని అడిగారు. మిగులుతుంది. కానీ మీరు రాసిన జాబితాలో కిల్న్ లేదు, అంటే పూసను ఒకే వేడి దగ్గర నిలిపి మెల్లగా చల్లార్చే కొలిమి. అది లేకుండా చేసిన పూసను మీరు దాచుకోండి, ఇంట్లో వాళ్లకు చూపించుకోండి, డబ్బు తీసుకుని మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

నేను పగలు లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను, రాత్రి ఎనిమిది నుంచి పది వరకు మంట దగ్గర కూర్చుంటాను. ఇది ఏడో సంవత్సరం. మొదటి ఏడాది నా దగ్గర కూడా కిల్న్ లేదు. చేసిన పూసను, అది చుట్టుకుని ఉన్న సన్న లోహపు ఊచతో సహా, వేడిని ఆపే ఫైబర్ దుప్పటి మడతల్లో దూర్చి, చల్లారాక తీసేదాన్ని. వీడియోల్లో అలాగే చేసేవారు. పూసలు చక్కగా వచ్చేవి, పగుళ్లు కనిపించేవి కావు, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

అప్పుడే మొదటి పెద్ద ఆర్డర్ వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ వాళ్ల అమ్మగారు బడిలో టీచర్. రిటైర్ అవుతున్నారు, వీడ్కోలు సభకు వేసుకోవడానికి ఒక హారం కావాలన్నారు. లేత నీలం పారదర్శక గాజు, ఒక్కో పూస మీద మూడు తెల్ల చుక్కలు, మొత్తం 46 పూసలు. మూడు వారాలు కూర్చున్నాను. ఒక్కో చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. మంటలో గాజు తేనెలా కరిగి ఊచ చుట్టూ తిరుగుతుంటే, చుక్క మెల్లగా లోపలికి కుంగి పూసతో కలిసిపోయే క్షణం ఒకటుంది. దాని కోసమే నేను ఈ పని చేస్తున్నాను. హారం కట్టి ఇచ్చిన రోజు టీచర్ గారు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు.

సభ జరిగిన మర్నాడు ఆవిడే మా ఇంటికి వచ్చారు. చేతిలో ముడి వేసిన రుమాలు. విప్పి బల్ల మీద పరిచారు. అందులో 39 పూసలు, కొన్ని సగం ముక్కలు ఉన్నాయి. ఆవిడ మైకు ముందు నిలబడి మాట్లాడుతుంటే మెడ దగ్గర "టిక్" అని చిన్న చప్పుడైందట. ఒక పూస దానంతట అదే రెండుగా చీలింది, చీలిన అంచు దారాన్ని కోసింది, మిగతావన్నీ వేదిక మీద దొర్లిపోయాయి. ముందు వరుసలో కూర్చున్న చిన్న పిల్లలు ఏరడానికి పరుగెత్తుకొచ్చారు. ఒక పాపకు సగం పూస గుచ్చుకుని వేలు తెగింది.

"నీ చేతి తప్పు కాదమ్మా, నేనే ఎక్కడో తగిలించి ఉంటాను" అన్నారు టీచర్ గారు. ఆవిడ ఎక్కడా తగిలించలేదని నాకు తెలుసు. డబ్బు వెనక్కి ఇవ్వబోతే ఎంత చెప్పినా తీసుకోలేదు. ఆవిడ వెళ్లాక ఆ రుమాలు ముందు కూర్చుని ఏడ్చాను. డబ్బు గురించీ కాదు, పూసల గురించీ కాదు. ఆ పాప వేలు గురించి.

ఆ రాత్రి రెండు పోలరైజింగ్ ఫిల్ములు (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పలుచటి రేకులు) తీసుకుని, వెలుగు పూర్తిగా ఆగిపోయేలా ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, మధ్యలో ఒక పూసను ఉంచి వెనక నుంచి లైటు వేశాను. ఒత్తిడి లేని గాజైతే చీకటిగానే ఉండాలి. నా పూసలో మాత్రం రంధ్రం చుట్టూ తెల్లటి వెలుగు మరకలు. ఇంకోటి పెట్టాను, అదే. పదిహేను పూసలు చూశాను, పదిహేనూ అంతే. పారదర్శక గాజుకు ఈ పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. అపారదర్శక గాజులోంచి వెలుగు రాదు కాబట్టి ఆ పూసల్లో ఏముందో ఏ ఫిల్మూ చూపించలేదు, కిల్న్ మీదే ఆధారపడాలి.

కారణం చాలా మామూలుది. పూస పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపలి గాజు ఇంకా వేడిగా ఉంటుంది. తర్వాత లోపలిది కూడా చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది, కానీ అప్పటికే బిగుసుకుపోయిన పైపొర కదలదు. ఆ లాగుడు పూసలో అలాగే ఉండిపోతుంది. అది ఏ రోజు బయటపడుతుందో చెప్పలేం. ఒక గీత పడినా, చల్లటి నీళ్లు తగిలినా, ఒక్కోసారి ఏమీ తగలకపోయినా పగులుతుంది. ఫైబర్ దుప్పటి చల్లారడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది, అంతే. పూసంతా ఒకే వేడికి వచ్చి, ఆ వేడి దగ్గర కాసేపు నిలవాలి. పూసలవాళ్లు ఎక్కువగా వాడే 104 రకం మెత్తటి గాజుకు (ఈ అంకె ఏమిటో కింద చెబుతాను) ఆ వేడి 510 నుంచి 520 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ప్రయోగశాల పాత్రలకు వాడే గట్టి రకం, బోరోసిలికేట్ గాజుకైతే 565 దగ్గర. నేను పూసను మంటలోంచి తీసి, ఎర్రదనం పోగానే ఊచతో సహా కిల్న్‌లో పెట్టేస్తాను. చివరి పూస లోపలికి వెళ్లాక గంటసేపు ఆ వేడి దగ్గరే ఉంచి, గంటకు 50 డిగ్రీల చొప్పున దించేలా కంట్రోలర్‌లో పెట్టి పడుకుంటాను. పొద్దున కిల్న్ తలుపు తీసేదాకా ఆగడం నాకు ఇప్పటికీ కష్టమే.

కిల్న్‌కు ఇప్పుడే డబ్బు చాలకపోతే ఒక దారి ఉంది. దుప్పటిలో చల్లార్చిన పూసల్లో పగలకుండా మిగిలినవాటిని తర్వాత ఎప్పుడైనా ఒకేసారి కిల్న్‌లో పెట్టి, మెల్లగా వేడెక్కించి, అంతే మెల్లగా దించవచ్చు. మట్టి పాత్రలు చేసేవాళ్లెవరైనా తెలిసి ఉంటే, వాళ్ల కిల్న్‌కు డిజిటల్ కంట్రోలర్ ఉంటే, నెలకోసారి అద్దెకు అడగండి. అలా చేసిన పూసను ధైర్యంగా అమ్మొచ్చు.

గాజు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. 104, 90, 33 అని గాజు రకాలకు అంకెలుంటాయి. వేడికి ఏ గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకెలవి. ఒకే పూసలో 104నూ 33నూ కలిపితే ఎంత గొప్ప కిల్న్‌లో పెట్టినా ఆ పూస పగిలి తీరుతుంది. "పాత సీసాలు పగలగొట్టి పూసలు చేయండి, పెట్టుబడే అక్కర్లేదు" అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు కోపం. ఒక సీసా గాజు ఇంకో సీసా గాజుతో కలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? ఒక్కో పూసను ఒకే సీసా గాజుతో విడిగా చేసుకుంటే సరే. రంగులు కలపకండి.

వీడియోల సంగతీ చెప్పాలి. నలభై సెకన్లలో పూల పూస తయారైపోతుంది, వెనక సంగీతం. అసలు ఆ పూసకు ఇరవై నిమిషాలు పడుతుంది. గాజు అంటుకుపోకుండా ఊచకు మట్టి పూత పూసి ఆరబెట్టడం చూపించరు. కడ్డీని గబుక్కున మంటలో పెడితే కొన చిటపట పగిలి ఒళ్లో పడడం చూపించరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గదిలో గాలి ఎటు పోతోందో చూపించరు. మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వస్తాయి. కిటికీ తెరిస్తే చాలదు, టార్చ్ మీదనుంచి గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి, తాజా గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి. ప్రొపేన్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి సిలిండర్ ఇంటి బయటే పెట్టాలి. కళ్లద్దాలు కొంటానన్నారు కదా, మామూలు నల్లద్దాలు పనికిరావు. వేడి గాజులోని సోడియం వల్ల మంట పసుపుపచ్చగా భగ్గుమంటుంది, దాని వెనక పూస కనిపించదు. డిడిమియం అద్దాలు ఆ పసుపు వెలుగును ఆపేస్తాయి. మొదటిసారి అవి పెట్టుకున్నప్పుడు, ఇన్నాళ్లూ గుడ్డిగా పనిచేశానే అనిపించింది. బోరోసిలికేట్ చేయాలనుకుంటే ఇంకా ముదురు అద్దాలు కావాలి. పూస రంధ్రంలో ఎండిపోయిన మట్టి పూతను పొడిగా గీకకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లలో ముంచి, డైమండ్ పూత ఉన్న సన్న ఆకురాయితో శుభ్రం చేయండి.

ఇక మీరు అడిగిన డబ్బు విషయం. 12 మిల్లీమీటర్ల గుండ్రటి పూసలో ఉండే గాజు బరువు రెండు గ్రాముల పైచిలుకు, అంతే. అందుకే చాలామంది "గాజేగా, ఇంత ధరా?" అంటారు. వాళ్లకు కోపం లేకుండా ఒకటే చెబుతాను, మీరు కొంటున్నది నా సాయంత్రాన్ని. నా లెక్కల పుస్తకం ప్రకారం రెండు గంటల్లో సాదా పూసలైతే 16 చేస్తాను, అమ్మదగ్గవి 11 తేలతాయి. మిగిలినవాటికి అంచు పదునుగా ఉంటుంది, లేదా రంధ్రం పక్కకు జరుగుతుంది. పూస రెండు కొనలూ లోపలికి నొక్కుకున్నట్టు గుండ్రంగా ఉండాలి, పదునైన అంచు దారాన్ని తినేస్తుంది. మంట దగ్గర గడిపిన ప్రతి గంటకూ, నానబెట్టడం, ఊచ నుంచి లాగడం, కడగడం, జత చూడడం, ఫొటో తీయడం, ప్యాక్ చేయడం కలిపి ఇంకో గంట పడుతుంది. ధర పెట్టేటప్పుడు ఈ రెండో గంటను ఎవరూ లెక్కలో వేసుకోరు. నెల చివర ఏమీ మిగల్లేదని వదిలేసేవాళ్లంతా ఇక్కడే నష్టపోతారని నా గట్టి నమ్మకం.

ఒంటి పూసలు అమ్మకండి. ఏడు పూసల సెట్టుగా అమ్మండి, లేదా హారంగా కట్టి అమ్మండి. చెవి రింగుల జతలకు ఎక్కువ ధర పెట్టండి, ఎందుకంటే అచ్చంగా ఒకేలా ఉన్న రెండు పూసల కోసం ఐదు చేయాల్సి వస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చు పోసిన పూసలను "చేత్తో చేసినవి" అని అమ్మేవాళ్లతో ధరలో పోటీ పడకండి. వాళ్లు చేస్తున్నది మోసం, మీ పక్కన పెట్టి పోల్చుకోవాల్సిన వ్యాపారం కాదు. కొనేవాళ్లకు పూస చేతిలో పెట్టి తేడా చూపించండి. ఫిరోజా రంగు గాజు మీద దంతపు రంగు గాజు పెడితే రెండూ కలిసే చోట సన్నటి నల్ల గీత దానంతట అదే పుడుతుంది, ఆ రెండింటి రసాయన చర్య అది. అదే ఫిరోజా కడ్డీని ఆక్సిజన్ తగ్గిన మంటలో తిప్పితే పైన ఇటుక ఎరుపు పొర వస్తుంది. ఆ గీత, ఆ పొర ఏ రెండు పూసల్లోనూ ఒకేలా ఉండవు. ఇది ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ బేరం ఆడరు.

1291లో వెనిస్ పాలకులు గాజు కొలిముల్ని మురానో దీవికి తరలించారు, ఊరికి నిప్పంటుకుంటుందన్న భయం అందుకు ఒక కారణం. అలాంటి పనిని మనం ఇంట్లో ఒక గదిలో పెట్టుకుంటున్నాం. అందుకే టార్చ్ ఎంత ఖరీదైనది కొనాలి అన్న ప్రశ్నకు నేను సమాధానం చెప్పను. చవక టార్చ్ మీద కూడా మంచి పూస వస్తుంది, కాస్త నెమ్మదిగా వస్తుంది. డబ్బు ముందు కిల్న్‌కు, గాలి ఫ్యాన్‌కు, డిడిమియం అద్దాలకు పెట్టండి. మిగిలినదానితో టార్చ్ కొనండి. మొదటి మూడు నెలలు ఒకే రంగు గాజుతో సాదా గుండ్రటి పూసలు మాత్రమే చేయండి.

నేను ఆ ఏడాది బోనస్ మొత్తం కిల్న్‌కు పెట్టాను. అందులో చేసిన మొదటి 46 పూసలు టీచర్ గారి హారానికే. అదే లేత నీలం, అవే మూడు చుక్కలు. ప్రతి పూసనూ ఫిల్ముల మధ్య పెట్టి చూశాకే దారం ఎక్కించాను. ఆవిడ దాన్ని ఇప్పటికీ వేసుకుంటారు. ఆ పాపకు కూడా ఒక పూస పంపమన్నారు, పంపాను.

రుమాల్లో వచ్చిన పాత 39 పూసల్ని పారేయలేదు. మూత ఉన్న సీసాలో వేసి, టార్చ్ పక్కన అరలో పెట్టాను. ఎవరూ ముట్టుకోరు. ఇప్పటికి వాటిలో 17 పగిలాయి, చివరిది పోయిన నెల్లో.